వృద్ధసేవయు, వారసత్వమును

సేవ యను మాట మన సంస్కృత గ్రంథములలో ఒక్క యర్థముతో నిలిచినది కాదు. మనుస్మృతియందే ఒకచోట సేవ కుక్కబ్రదుకని నిందింపబడినది. ద్విజుడు దానిని విడువవలెనని చెప్పబడినది. ఆ స్మృతియందే మఱొకచోట, పెద్దలకు మ్రొక్కి వారిని నిత్యము సేవించువానికి ఆయువు, విద్య, కీర్తి, బలము అను నాలుగును పెరుగునని యున్నది. కూటికై యొరుల కొలువు చేయుట మొదటిది, పెద్దల పాదములకడ కూర్చుండుట రెండవది యని చెప్పి పండితులు ఈ రెంటికిని పొందు కుదుర్పవచ్చును. కాని మాకు రెండవ మాటయందే యొక చిక్కు తోచుచున్నది. నాలుగు లాభములు కోరి వృద్ధుని సేవించువాడు వృద్ధుని సేవించుచున్నాడా, తన్ను తాను సేవించుకొనుచున్నాడా?

ఈ ప్రశ్నను మేము తర్కమునందలి వేడుకకై యెత్తలేదు. ఈ కాలమున వృద్ధసేవ మన యువకులలో నొక వాడుకగా వ్యాపించుచున్నది. 1969లో ఏర్పడిన జాతీయ సేవా పథకమున చేరిన విద్యార్థి ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు సేవ చేసినచో పత్రము పొందును. సముద్రములకు ఆవల కెనడాలోని సర్రే, ఇంగ్లండులోని సౌథాల్ వంటి పట్టణములలో, పంజాబునుండి పోయి స్థిరపడిన కుటుంబముల బిడ్డలు తమ జాతి వృద్ధులుండు నిలయములకు పోయి, వారికి టీ యందించి, వారితో ముచ్చటలాడి, పూర్వుల భాషయు పాటయు తమకు మరల దక్కినవని సంతోషించుచున్నారు. అక్కడి బిడ్డలకు ఇంగ్లీషు తప్ప వేఱు భాష చక్కగా రాదు. అక్కడి ముసలివారికి ఇంగ్లీషు రాదు. ఒకే యింట తాతయు మనుమడును మూగవారివలె నుండుట కన్న ఈ రాకపోకలు వేయిరెట్లు మేలు. ఈ సంతోషమును మేము తక్కువ చేయము. అయినను వృద్ధుని చూడబోవుట వృద్ధునికొఱకా, వానియొద్ద దొరకు వారసత్వముకొఱకా యని ఒకమారు నిలిచి యడుగుట మంచిది.

పంజాబీ వృద్ధులను వెదకుచు సర్రే వఱకు పోనక్కఱలేదు. గోదావరి నాందేడు మీదుగా వచ్చి, కందకుర్తికడ మంజీరను కలుపుకొని, బాసరను దాటి, మా పోచంపాడుకడ ఆనకట్టకు తగిలి నిలుచును. ఆ నాందేడులోనే 1708లో సిక్కుల పదవ గురువగు గోవిందసింహుడు దేహము చాలించెను. తన తరువాత మనుష్యుడు గురువు కాడనియు, గ్రంథమే గురువనియు ఆయన నిర్ణయించినదియు అక్కడనే. ఆ పుణ్యస్థలమున నేడున్న మందిరమును కట్టించినవాడు లాహోరు మహారాజగు రణజిత్ సింహుడు. ఆ మహారాజు కాలముననే, 1830 ప్రాంతమున, సిక్కు సిపాయీలు కొందఱు నిజాము రాజ్యమునకు వచ్చిరి. వారికి లాహోరీ ఫౌజని పేరు. వారిని రప్పించుటలో మహారాజా చందూలాలుకు పాలు గలదందురు. ఆయనయు పంజాబుమూలము గల ఖత్రీయే. మొండికెత్తిన జమీందారులయొద్ద శిస్తు రాబట్టుట ఆ దండునకు అప్పగింపబడిన పనులలో నొకటి. మన రైతుల తాతముత్తాతలకు వారు ప్రియులై యుందురని మేము చెప్పజాలము. శిస్తు అడుగవచ్చినవానిని ప్రేమించిన రైతు ఏ దేశమునను పుట్టలేదు.

దండు పోయినది, మనుష్యులు మిగిలిరి. హైదరాబాదులో అత్తాపూరుకడ సిక్కు ఛావనీ యను పేటపేరు ఆ దండును నేటికిని తలపునకు తెచ్చుచున్నది. నిజామాబాదు మొదలగు జిల్లాలలోను వారి సంతతి నిలిచిపోయినది. ఇనుపపని చేసి బ్రదుకు సిక్లీగరులు వారికంటె వేఱొక తెగ. రెండువందల యేండ్లలో ఈ కుటుంబములలో పెక్కింటికి ఇంటిమాట దక్కనీ ఉర్దూ, వీథిమాట తెలుగు, గురుద్వారములో వినుమాట మాత్రము పంజాబీ యైనది. తలపాగా మాఱలేదు; నాలుక మాఱినది.

వీరు తమతో సేవ యను ఆ పాతమాటనే తెచ్చుకొనిరి, కాని మనువు చెప్పని యర్థముతో తెచ్చుకొనిరి. గురుద్వారమునకు వచ్చినవారి చెప్పులను తీసి, తుడిచి, వరుసగా నుంచుట వారికి సేవ. లంగరులో పిండి కలుపుట, ఎంగిలి గిన్నెలు తోముట సేవ. ధనవంతుడును ఆ పనికి కూర్చుండును. కూర్చుండక తప్పించుకొన్నవాడు గొప్పవాడనిపించుకొనడు. కుక్కబ్రదుకన్న పని అక్కడ కిరీటమైనది. ఒక్క మాటను తలక్రిందులు చేసి ఒక సంఘము తన నడవడిని దిద్దుకొనుట మన సంస్కర్తలు తలపోయదగిన విషయము. మనలో సహపంక్తి భోజనముల కొఱకు ఎన్ని సభలు చేసితిమి, ఎన్ని తీర్మానములు వ్రాసితిమి! వారు తీర్మానము వ్రాయక పంక్తిలో కూర్చుండిరి.

అయినను చెప్పులు తుడుచు సేవకును వృద్ధుని సేవకును ఒక భేదము గలదు. చెప్పులు తుడుచువానికి అవి యెవరివో తెలియదు, తెలియనక్కఱలేదు. ఆ తెలియకుండుటయే ఆ సేవకు పవిత్రత. వృద్ధునియొద్దకు పోయినవానికి ఆ మినహాయింపు లేదు. ఎదుట నున్నది ఒక ముఖము. దానికి పేరున్నది, కోపమున్నది, చెప్పదలచిన కథయున్నది, చెప్ప నిచ్చగింపని కథయు నున్నది.

కొంతకాలము క్రిందట నిజామాబాదులో మా యెదుట జరిగిన యొక సంభాషణ చెప్పెదము. నలుగురైదుగురు విద్యార్థులు ఒక సిక్కు పెద్దమనిషి యింటికి వచ్చిరి. మంచి పిల్లలు, పండ్లు తెచ్చిరి, కాళ్లకు మ్రొక్కిరి. మాటలు పట్టుకొనుటకు ఫోను తెఱచి ముందుంచి, వారిలో నొక బాలిక "దాదాజీ, మీ పంజాబు సంగతులు చెప్పండి" అని యడిగెను.

"పంజాబ్ నేనేడ సూసిన బేటా! మా తాతకు తాత సూసిండట" అని ఆయన నవ్వెను.

"పోనీ, ఒక పంజాబీ పాట పాడండి."

"పాటలు నాకేం రావు. గురుద్వారల కీర్తన వింట, గంతే."

పిల్లలు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. అప్పుడాయన అడుగకయే మొదలుపెట్టెను. తాను లారీ నడపిన కాలమున చెఱకెత్తుకొని బోధను శక్కర్‌నగరు ఫ్యాక్టరీకి పోవుట, బండ్లును లారీలును రాత్రంతయు వరుసకట్టి నిలుచుట, చలికి చెఱకాకు మంటవేసుకొని తెలుగు రైతులు, మరాఠీ కూలీలు, తాను చుట్టు కూర్చుండుట, కాగుచున్న పాకపు వాసన ఊరంతయు నిండుట చెప్పుచు పోయెను. 1937లో స్థాపింపబడి, ఒకప్పుడు ఆసియాఖండముననే పెద్దదని పేరుగన్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినదని చెప్పునప్పుడు ఆయన గొంతు కొంచెము తగ్గినది. అప్పటికే ఫోను మూయబడియుండెను. బయటికి వచ్చిన తరువాత ఒక బాలుడు, పాపము, వీరికి తమ సంస్కృతి మిగులలేదని జాలిపడెను.

ఆ జాలి మాకు నచ్చలేదు. ఆ బాలుడు దుష్టుడు కాడు. వాడు వృద్ధునియొద్దకు ఒక సంచి పట్టుకొని పోయెను. ఆ సంచికి పంజాబని చీటీ యంటించియుండెను. చెఱకు అందులో పట్టలేదు. ముసలివానిని ధాన్యపుగాదెవలె చూచినవానికి, తాను వెదకిన గింజ అందు లేకున్నచో గాదెయే వట్టిదని తోచుట సహజము. రెండు నదులనడుమ, మూడు భాషలనడుమ ఎనుబదియేండ్లు బ్రదికిన మనుష్యుడు తాను బ్రదికినదానిని చెప్పుచుండగా, నీవు బ్రదుకవలసినది ఇదికాదని చెప్పుటకు మనకేమి యధికారము?

ఇచ్చట వారసత్వమన నేమో కొంచెము విచారింపవలెను. ఆస్తి విషయమున మన ధర్మశాస్త్రకారులు రెండు త్రోవలు పట్టిరి. కల్యాణపురమున చాళుక్యరాజు నాశ్రయించి మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుని మతమున, పుత్రునికి పితృపితామహుల సొత్తుపై హక్కు పుట్టుకతోనే కలుగును. వంగదేశమున దాయభాగమును రచించిన జీమూతవాహనుని మతమున, తండ్రి గతించిన తరువాతగాని కలుగదు. భూమికి, బంగారమునకు ఈ రెండింటిలో ఏదో యొకటి సరిపోవును. భాషకు, పాటకు, జ్ఞాపకమునకు రెండును సరిపోవు. సిక్కు తల్లికడుపున పుట్టినంతమాత్రమున బిడ్డకు గురుముఖీ లిపి రాదు. తెలుగు తల్లికడుపున పుట్టినంతమాత్రమున పోతన రాడు. తాత గతించిన తరువాత ఆ సొత్తు మనుమనికి సంక్రమించునా? తాతతోడనే కాలిపోవును. జననమునకును మరణమునకును నడుమ, ఇద్దఱును బ్రదికియున్న కొద్దికాలమున, ఒకరు చెప్పగా ఒకరు వినినప్పుడు మాత్రమే చేతులు మాఱు సొత్తిది. అందుచేత దీనిని హక్కుగా నడుగుట పొసగదు. ఇచ్చువాడు తన యిష్టముచొప్పున, తనకు దోచిన మాటలతో ఇచ్చును. పుచ్చుకొనువాడు అదే పుచ్చుకొనవలెను.

స్వచ్ఛమైన పంజాబీ సంస్కృతి యనునదియైనను ఎక్కడ నున్నది? 1430 పుటల ఆ గురుగ్రంథమునే చూడుడు. అందు గురువుల పదములతోపాటు కబీరుని పదములును, సూఫీ ఫరీదుని పదములును గలవు. మరాఠీ దేశమున పుట్టిన నామదేవుని పదములు అరువది వఱకు గలవు. గోవిందసింహుడు దక్షిణమునకు వచ్చుటకు కొన్ని శతాబ్దముల ముందే దక్షిణదేశపు దర్జీ యొకడు పాటయై పంజాబునకు పోయి యుండెను. గురు తేగ్ బహదూరుని 1675లో ఢిల్లీలో చంపించినప్పుడు, ఆ దేహమును తెచ్చి, శత్రువులు కనిపెట్టకుండ తన యింటికే నిప్పంటించి దహనము చేసినవాడు లఖీషా వంజారా యని సిక్కులు చెప్పుకొందురు. మన జిల్లాలోని తండాలలో నున్న లంబాడీలు ఆ వంజారా జాతివారే. వీరి చరిత్రలో వారును, వారి చరిత్రలో వీరును ఇట్లు కలిసిపోయి యుండగా, చెఱకు లారీ నడపిన సర్దారుజీ కథలో బోధను వచ్చినదని వగచుట వింతగా లేదా?

అయితే మార్పంతయు మంచిదే, పోయినదేదియు నష్టము కాదని మేము వాదించుట లేదు. మనుష్యుడు తానై మాఱుట వేఱు, గతిలేక పోగొట్టుకొనుట వేఱు. తాతకు గురుముఖీ చదువ వచ్చును. మనుమనికి బడిలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ. తాత కన్నులు మసకబారి గుట్కా యను చిన్న ప్రార్థనపుస్తకమును చదువలేనప్పుడు ఇంటిలో చదివి వినిపించువా రుండరు. ఇది నష్టమే, నిజమైన నష్టము. కాని దీనిని నష్టమనవలసినవాడు తాతగాని, మనుమడుగాని. ప్రక్కనుండి వచ్చిన వాలంటీరు ముందుగా తీర్పు చెప్పక, ఆ గుట్కా చదువుటకు ముప్పదియైదు అక్షరములు నేర్చుకొని రావచ్చును. బాసరలో మన బిడ్డలకు అక్షరాభ్యాసము చేయించి, అదే రైలుమార్గమున కొన్ని స్టేషనుల యావలనున్న నాందేడు అక్షరములను మనము కన్నెత్తి చూచినవారము కాము. తెలుగు అక్షరములు దిద్దిన చేతికి గురుముఖీ కొండ కాదు. ఒక వేసవి సెలవు చాలును.

మతి తప్పుచున్న ముసలివారు మధ్యలో నేర్చిన భాషలను మఱచి, చిన్ననాటి మొదటిభాషకు మరలిపోవుట వైద్యులెఱిగిన విషయము. సర్రేలోని ముదుసలి ఇంగ్లీషు మఱచి పంజాబీలో పిలుచును; పలుకువారు లేకున్న ఆమె పిచ్చిదని తలచెదరు. బొంబాయిలోనో డాలసులోనో కొడుకుకడ నున్న మన నిజామాబాదు అవ్వయు అంతియే. 2007లో వచ్చిన చట్టము తల్లిదండ్రులను పోషింపని బిడ్డలచేత మనోవర్తి ఇప్పింపగలదు. వినువానిని ఇప్పింపగల చట్టమేదియు లేదు. అన్నము పెట్టువారు దొరకి, వినువారు దొరకని ముసలితనమును మేము పెక్కిండ్లలో చూచితిమి, సిరిగల యిండ్లలోనే యెక్కువగా చూచితిమి.

మా సంస్కర్త మిత్రులు ఇచ్చట ఒక యాక్షేపము చేయుదురు. పెద్దలు చెప్పునదంతయు వినుమనిన, వారి మూఢత్వమును గూడ నెత్తికెత్తుకొనవలెనా? కులభేదమును కాదన్న గురువుల మతమునందు సైతము పెండ్లిమాట వచ్చునప్పటికి తెగల పట్టింపు పోలేదు. ఇక మన హిందువుల సంగతి చెప్పనేల? ముసలివాడు సిక్లీగరు పిల్లను కోడలిగా తెచ్చుకొనమని గర్వముతో చెప్పినప్పుడు తల యూపవలెనా? అక్కఱలేదు. వినుట వేఱు, ఒప్పుకొనుట వేఱు. ఎదురు చెప్పదగినంత ప్రేమ కలిగిన తరువాత ఎదురు చెప్పుటయు సేవయే. ముసలివాడు కదా యని అన్నిటికిని చిఱునవ్వు నవ్వి పోవువాడు ఆయనను బొమ్మగా నెంచుచున్నాడు, మనుష్యునిగా నెంచుట లేదు. కాని మొదటి వారముననే వాదమునకు దిగువాడు ఫోను మూసిన బాలునికి అన్నవంటివాడు. వాని సంచికి చీటీ మాత్రము వేఱు.

ఆక్షేపింపవలసినది మాకు మఱొకటి కనబడుచున్నది. ఈ సేవకు పోవు పిల్లలు ఎవరిని చూచుచున్నారు? అరుగుమీద కూర్చున్న పురుషుని. దండు కథలు, తఖ్తు కథలు ఆయన నడుగుదురు. లోపల రొట్టె కాల్చుచున్న ముదుసలిని ఏమి యడుగుదురు? రొట్టె సంగతి యడుగుదురు. ఆమె ఏ యూరినుండి కోడలై వచ్చెనో, ఆ యింట ఏ భాషకు తన భాషను విడిచెనో, బిడ్డలకు జోల ఏ మాటలతో పాడెనో అడుగువారు లేరు. ఇంటిభాష మాఱినదనిన, మాఱినది ఆమె నోటనే కదా! ఈ దక్కను సిక్కుల మార్పునకు చరిత్ర యేదియైన నున్నచో అది వంటయింటిలో నున్నది. మన జానపద గేయములను సేకరించిన బిరుదురాజు రామరాజుగారివంటి పండితులకు పాట లిచ్చినవారిలో స్త్రీలే యెందఱో యుందురు. పుస్తకమున పండితుని పేరు నిలిచినది. పాట యిచ్చిన అవ్వ పేరు చాలచోట్ల నిలువలేదు. ఇది ఒక్క సిక్కుల యింటిమాట కాదు.

మొదట వేసిన ప్రశ్నకు మాకు తోచిన సమాధానము చెప్పెదము. లాభము కోరి సేవించుట తప్పని మేమనము. ఆ కోరిక లేనివాడు వృద్ధునియొద్ద ఎక్కువసేపు కూర్చుండడు. ఆయనయందు తెలిసికొనదగినదేమియు లేదని తలచి, పండ్లిచ్చి దుప్పటి కప్పి పోవువాడు ఆయనను కడుపుగాను, చలిగాను చూచినవాడే. తైత్తిరీయము దానము సిగ్గుతో చేయవలెనన్నది. పుచ్చుకొనుటయు సిగ్గుతోనే చేయవలెనని మా యభిప్రాయము. వృద్ధునియొద్ద పుచ్చుకొన్నవాడు ఋణపడును. పత్రముమీద వ్రాసిన గంటలతో ఆ ఋణము తీఱదు. మరల పోవలెను, పాట లేనినాడును పోవలెను, చెప్పిన కథనే నాలుగవసారి చెప్పినను వినవలెను.

పంజాబను పేరునకు లోకమున వెల గలదు. తలపాగా, కీర్తన, భాంగ్రా యని చెప్పగానే పిల్లలకు ఉత్సాహము కలుగును; సేవకు పోవలెననిపించును. పేరులేని వారసత్వముల మాట యేమి? 1963 జులై 26వ తేదీన నెహ్రూ గారు మా పోచంపాడు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. ఆ నీరు జగిత్యాల, కరీంనగరు, వరంగల్లు ప్రాంతముల పొలములకు పోయినది, మంచిదే. ఆ నీటిక్రింద పోయిన యూళ్లవారు, అప్పుడు పడుచువారు, నేడు ఎనుబది దాటినవారు, కొత్త కాలనీలలో గోడవారగా కూర్చుండి యున్నారు. వారిది పంజాబు కాదు; ఏ పాటకును ప్రసిద్ధి లేదు. ఏ బావి నీరు పప్పు ఉడుకుటకు మంచిదో, ఏ గట్టుమీద ఎవరి యెడ్లు కట్టివేయుదురో, బొడ్డెమ్మ ఏ వాకిట వేయుదురో వారికి తెలియును. వేసవిలో నీరు తీసినప్పుడు కొన్ని యూళ్ల పాతగోడలు బయటపడును. అప్పుడు ఆ ముసలివారిలో నడువగలిగినవారు, ఎవరును రమ్మనకున్నను, ఒండ్రుమట్టిలో కఱ్ఱ ఊతముగా దిగి, తమ యిల్లుండిన చోటు వెదకుచుందురు. వారివెంట పోయి, ఇది యెవరి వాకిలి యని యడిగిన పిల్లను మేము ఇంతవఱకు ఒక్కతెను చూచితిమి.